బోధను చేరుమీ: ఒక మజిలీ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మల్లినాథసూరి మాకు పక్క ఊరివాడి కిందే లెక్క. మెదక్ జిల్లా కొల్చారమే ఆయన కొలిచెలమ. కాళిదాసుకు వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకున్నాడు మహానుభావుడు. ఆ ఒట్టులో మొదటి సగం ఎలాగో నిలబెట్టుకుంటాను గానీ రెండో సగం నావల్ల కాదు. ఇక్కడ మూలం నాలుగు పాదాల ఆటవెలది. దాని వెనక ఉన్నది రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు కారు ప్రయాణం.

2025 ఫిబ్రవరి. ప్రయాగ్‌రాజ్‌లో మహా కుంభమేళా. హైదరాబాదులో కారున్న ప్రతివాడూ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి తిరిగిన నెల అది. మేమూ ఎక్కాం. నేను, మా ఆవిడ, మా అబ్బాయి, మా షడ్డకుడు, వాళ్లావిడ. తోడల్లుణ్ని మా వైపు షడ్డకుడంటారు. స్టీరింగ్ ఆయన చేతిలో ఉంది కాబట్టి ఈ కథలో ఆయన మాటకు బరువెక్కువ.

వెళ్లేటప్పుడు ఆఫీసు ముగించుకుని సాయంత్రం ఆరింటికి బయల్దేరాం. మేడ్చల్ దాటేసరికే ఏడున్నర. "ఇంకో గంట పోయి ఆగుదాం" అని షడ్డకుడు కామారెడ్డిలో అన్నాడు, ఆర్మూరులో అన్నాడు, నిర్మల్‌లోనూ అన్నాడు. రాత్రి పదకొండున్నరకు ఆయన కళ్లు మూతలు పడుతుంటే, రోడ్డు పక్కన నీలం లైట్లు మెరుస్తున్న ఒక లాడ్జి ముందు ఆపాం. దాని పేరు గానీ ఊరి పేరు గానీ చెప్పను. కిటికీ తీస్తే హైవే, మూస్తే జనరేటర్. స్పీడ్ బ్రేకర్ దగ్గర లారీ బ్రేకు వేసి బుస్సుమన్నప్పుడల్లా మా అబ్బాయి లేచి కూర్చున్నాడు. దిండు మీద అంతకుముందు పడుకున్నవాడి తలనూనె ఇంకా పడుకునే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్లిపోయాం అనడం తప్పు. లేవడానికి ముందు పడుకుని ఉండాలి కదా.

తిరుగు ప్రయాణంలో ఆ పొరపాటు మళ్లీ జరగకూడదనుకున్నాం. చీకటితోనే జబల్‌పూర్ వదిలి, నాగ్‌పూర్‌లో తర్రీ పోహా తింటూ మా మేనమామకు వాట్సాప్ చేశాను. మామ బోధన్‌లో ఉంటాడు, తెలుగు పండితుడుగా చేసి రిటైరయ్యాడు. "మామా, రాత్రికి మీ వైపు ఆగుదామనుకుంటున్నాం, అయిదుగురం. మంచి చోటేదో చెప్పు" అని రాశాను. ఇంకో మేనమామ అయితే హోటలు పేరో, లొకేషనో పంపేవాడు. ఇరవై నిమిషాలకు పద్యం వచ్చింది.

మూలం

పొద్దు గుంకు ముందె బోధను చేరుమీ
చెరువు గట్టు చూచి చేయి కడిగి
కోడి కూర మెక్కి గుడిసైన మేడైన
నిద్ర పట్టు చోటె నిజము మజిలి

ప్రతిపదార్థం

పొద్దు = సూర్యుడు; గుంకు ముందె = అస్తమించుటకు పూర్వమే; బోధను = బోధన్ పట్టణమును; చేరుమీ = చేరుకొనుము సుమా; చెరువు గట్టు = తటాకము యొక్క కట్టను; చూచి = వీక్షించి; చేయి కడిగి = హస్తప్రక్షాళనము గావించి; కోడి కూర = నాటుకోడి వండకమును; మెక్కి = ఒళ్లు తెలియక తిని; గుడిసైన = పూరిల్లయినను; మేడైన = మిద్దె యిల్లయినను; నిద్ర పట్టు చోటె = కన్ను మూతపడు తావే; నిజము = యథార్థముగా; మజిలి = బండి నిలిపి దిగదగిన విడిది.

ఇక్కడిదాకా వావిళ్లవారి పుస్తకం నాలుగు రోజులు తిరగేసినవాడెవడైనా రాస్తాడు. వ్యాఖ్య ఇకనుంచి.

"పొద్దు గుంకు ముందె"

ఎక్కడ ఆగాలి అని మేం అడిగితే, ఎప్పుడు ఆగాలి అన్న దగ్గర మొదలుపెట్టాడు కవి. పద్యానికంతటికీ తాళంచెవి ఇదే.

ఇక్కడ పూర్వపక్షం. పూర్వపక్షి మా షడ్డకుడే. "కారుకు లైట్లున్నయి, రోడ్డు నాలుగు లైన్లు, ఫోన్ల గది దొరుకుతది. ఇంక సూర్యునితో పనేంది?" అన్నాడు.

సమాధానం. ఇదే దారిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి వెళ్లాడు. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, హైదరాబాదు, నిర్మల, నాగపూరు మీదుగా సాగి, యాత్ర ముగించుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దిగిన ప్రతి ఊరి గురించీ నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి వసతి ఉందా అని రాసుకుంటూ పోయాడు. అంత వివరం రాసుకోవడానికి ఆయనకు వెలుతురుండేది. పల్లకి మోసే బోయీల భుజాలు ఎక్కడ చాలంటే అక్కడ మజిలీ. మన కారుకు భుజాల్లేవు, యాక్సిలరేటర్ ఉంది. అది ఎప్పుడూ చాలనదు. కాబట్టి చాలనే పని సూర్యుడికి అప్పగించాడు కవి.

ఇంకొకటి. పగటి వెలుతురులో లాడ్జి గది చూడ్డం పెళ్లిచూపుల్లాంటిది. నచ్చకపోతే కాఫీ తాగి లేచి రావచ్చు, పక్క సంబంధం చూసుకోవచ్చు. రాత్రి పదకొండింటికి వెళ్లడం లేచిపోవడం లాంటిది. అప్పుడిక గుణగణాలు చూసేదేముంది, తలుపు తెరిచినవాడే దేవుడు. వేళ మించితే మంచి గది కూడా చెడ్డ మజిలీ అవుతుంది. గదిలో ఎన్ని సౌకర్యాలున్నా, పడుకునేలోపు ఊరితో ఒక గంట గడపకపోతే ఆ ఊళ్లో ఆగినట్టే కాదు, పంచరు పడినట్టు.

ఫిబ్రవరిలో ఈ వైపు పొద్దు ఆరుంబావు దాటాక గుంకుతుంది. సోన్ దగ్గర గోదావరి వంతెన దాటేసరికి మాకు నాలుగైంది. షడ్డకుడు అలవాటు కొద్దీ "ఇంకో గంట..." అనబోయాడు. వెనక సీట్లోంచి రెండు గొంతులు ఒక్కసారే పద్యం మొదటి పాదం అందుకున్నాయి.

"బోధను చేరుమీ"

ఇక్కడ శ్లేష. బోధ అంటే జ్ఞానం. పొద్దు అంటే ఆయువు. ఆయువు అస్తమించేలోపల జ్ఞానాన్ని చేరుకో అని వేదాంతపరమైన అర్థం ఒకటి దొంగచాటుగా నిలబడి ఉంది. చెరువు సంసారం, గట్టు మోక్షం, చేయి కడగడం కర్మక్షయం. కోడి కూర దగ్గరికి వచ్చేసరికి ఈ అర్థం తప్పుకుంటుంది గనుక మనమూ తప్పుకుందాం.

పాఠాంతరం: "బోధను" బదులు "ఇందూరు" అని మా ఆవిడ పాఠం. ఆమె వాదన ఇదీ. నిజామాబాద్‌లో హోటళ్లున్నాయి, బస్టాండు, రైల్వే స్టేషను చుట్టూ కావలసినన్ని లాడ్జీలున్నాయి. మళ్లీ బోధన్ దాకా ఇంకో పాతిక కిలోమీటర్లు ఎందుకు? నేను యతి చూపించాను. మొదటి అక్షరం "పొ"కు నాలుగో గణంలో "బో" యతి కుదిరింది. "ఇందూరు" పెడితే యతిభంగం. "అంటే యతి కోసం పాతిక కిలోమీటర్లు డీజిలు తగలేయాలా?" అంది ఆమె. వ్యాకరణంలో దీనికి జవాబు లేదు.

అసలు సమస్య యతి కాదు, రహదారి. పాత ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు రోడ్డు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఇన్ని ఊళ్లు తాకుతూ పోతుంది గానీ నిజామాబాద్ పట్నాన్ని మాత్రం తాకదు. హైదరాబాదు నుంచి వచ్చేవాడు డిచ్‌పల్లి దగ్గర, నాగ్‌పూర్ నుంచి వచ్చేవాడు ఆర్మూరు పక్కన పెర్కిట్ దగ్గర మలుపు తిరగాలి. తిరగనివాడికి ఈ జిల్లా అంటే ఇందల్వాయి టోల్ గేటు, నాలుగు ధాబాలు. ఇందూరు అన్న పాత పేరు పోయి నిజామాబాద్ స్థిరపడింది 1905లో రైలు వచ్చాక, స్టేషను బోర్డు మీది పేరుతో. రైలు పేరు పెట్టి మరీ పలకరించింది. హైవే పలకరించకుండా పక్కనుంచి పోయింది. కాబట్టి "చేరుమీ" అన్న విధ్యర్థక క్రియలో "మలుపు తిరుగుమీ" అన్న అర్థం అంతర్భూతమై ఉందని తెలుసుకోవాలి. పెర్కిట్‌లో 63వ నంబరు రోడ్డు పట్టుకుంటే అదే ఆర్మూరు, నిజామాబాద్, బోధన్ దాటించి మహారాష్ట్రలో దింపుతుంది.

ఆర్మూరులో సిద్దులగుట్ట రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. పడతాయేమోనని మా అబ్బాయి కారులోనే తల వంచుకున్నాడు. ఆ తర్వాత అంకాపూర్. అక్కడ ఆగిన సంగతి మూడో పాదంలో చెబుతాను.

"చెరువు గట్టు చూచి"

ఏ చెరువు? కవి చెప్పలేదు. కారులో నలుగురు పెద్దవాళ్లకు నాలుగు మతాలు.

పోచంపాడే అని షడ్డకుడు. శ్రీరాంసాగర్ హైవేకు దగ్గర, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసింది, నలభై రెండు గేట్లు. కానీ దాన్ని చెరువంటే ఇంజనీర్లు నొచ్చుకుంటారు. పైగా అప్పటికే వెనకబడిపోయింది. వాళ్లావిడది అలీసాగర్. నిజాం కాలపు వేసవి బంగళా, గుట్టలు, తోట, జింకలు. అది కొంచెం పక్కకు పోవాలి, పొద్దు చాలదు. మా ఆవిడ నెట్‌లో వెతికి బోధన్‌లోనే ఉన్న బెల్లాల్ చెరువు అంది. బోధన్‌కే పోవద్దన్న మనిషి బోధన్ చెరువుకు ఓటు వేయడం స్వవచన వ్యాఘాతం. నాది అశోక్‌సాగర్. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో, ఏడెనిమిది కిలోమీటర్లలో, జానకంపేట దగ్గర. దారిలో ఉన్నదాన్ని వదిలి దూరాన ఉన్నదాన్ని పట్టుకోరాదని వ్యాఖ్యాతల మర్యాద. నాదే సిద్ధాంతం అయింది, స్టీరింగ్ కూడా అటే తిరిగింది.

కానీ చెరువుకు ముందు నిజామాబాద్‌లో గదులు తీసుకున్నాం. మా ఆవిడ పాఠమే నెగ్గింది. మామకు చెప్పలేదు. ఆయనది రెండు గదుల ఇల్లు. కుంభమేళా దుమ్ము నెత్తిన పెట్టుకుని అయిదుగురం, అందులో ఇద్దరు ఆయనకు ముఖపరిచయం కూడా లేనివాళ్లు, పోయి మీద పడడం ఏం బాగుంటుంది? పొద్దున్నే వెళ్లి పలకరించి పోదాం అనుకున్నాం. ఈ సంకోచాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

లాడ్జి గోడ మీద ఒక గద్యం ఉంది. మామ మూలంలో లేదు గనుక ప్రక్షిప్తం. అయినా దారిన పోయేవాడికి పద్యం కంటే ఇదే ఎక్కువ అవసరం కాబట్టి దీనికీ టీక రాస్తాను. "గాలి వెలుతురు గల గదులు అద్దెకు ఇవ్వబడును. వేడినీళ్లు ఉ. 6 నుండి 9 వరకు. చెక్ అవుట్ 24 గంటలు. ఆధార్ తప్పనిసరి. విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు."

గాలి = ఫ్యాను. వెలుతురు = ట్యూబ్‌లైటు. ఇవ్వబడును: కర్మణి ప్రయోగం. ఎవరిచేత అన్నది కౌంటరులో కూర్చున్నవాడి మూడ్‌ను బట్టి తేలుతుంది. చెక్ అవుట్ 24 గంటలు: ఇది చిన్న ఊళ్ల లాడ్జీలు లోకానికి చేసిన గొప్ప మేలు. సాయంత్రం అయిదున్నరకు దిగితే రేపు సాయంత్రం అయిదున్నర దాకా గది మనది. పెద్ద హోటళ్లలో రాత్రి పదింటికి చేరినా మధ్యాహ్నం పన్నెండుకు సాగనంపుతారు. బాధ్యత వహించదు: యాజమాన్యం ఇక్కడ ఉపనిషత్తులోని రెండో పక్షి వంటిది, చూస్తూ ఉంటుంది, అంతే.

గది చూడడంలో మా షడ్డకుడు శాస్త్రకారుడని ఆ రోజే తెలిసింది. వెళ్లేటప్పటి రాత్రి ఆయనకు నేర్పిన పాఠం కావచ్చు. లోపలికి వెళ్లగానే మంచం వంక చూడలేదు. ముందు కుళాయి తిప్పి ధార ఆగేదాకా నిలబడ్డాడు. గీజరు స్విచ్చి వేసి ఎర్ర దీపం వెలిగిందా చూశాడు. దుప్పటి మూల పట్టి లేపి పరుపు చూశాడు. దిండు ఎత్తి వాసన చూసి నా చేతికిచ్చాడు. కిటికీ తీశాడు. అవతల సందు, సందులో వేపచెట్టు, దాని కింద మా కారు. రోడ్డు వైపు గది వద్దు, వెనక వైపుదే కావాలని పట్టుబట్టి రెండు గదులూ వెనకవే ఇప్పించాడు. ఆ లాడ్జిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. సూట్‌కేసులు దించి, తాళాలు జేబులో వేసుకుని చెరువుకు బయల్దేరాం.

అశోక్‌సాగర్ గట్టు మీదికి చేరేసరికి ఆరైంది. నీళ్ల మధ్య పెద్ద పెద్ద రాళ్లు. ఒక బండ మీద సరస్వతి విగ్రహం, వీణతో. బాసర ఇక్కణ్నుంచి ఎంతో దూరం లేదు గనుక అమ్మవారు సాయంత్రం షికారుకు వచ్చినట్టుంది. పడవలు ఒడ్డుకు చేరుతున్నాయి. రాళ్ల నీడలు నీళ్లలో పొడుగ్గా సాగి, ఎరుపు తేలి, ఉన్నట్టుండి నల్లబడ్డాయి. ప్రయాగలో కోట్లమంది మధ్య మునిగి వచ్చిన మేం ఆ అరగంట ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా అబ్బాయి చెప్పులు విప్పి గట్టు మీద పరిగెత్తాడు. వెయ్యి కిలోమీటర్లుగా సీటు బెల్టులో ఉన్న కాళ్లు అవి.

"చేయి కడిగి": ఏకవచనం గమనార్హం. రెండో చేతిలో ఫోనుంటుందని కవికి తెలుసు.

"కోడి కూర మెక్కి"

ఇక్కడ క్రమభంగ దోషం ఉందని మొదట నేనే అనుకున్నాను. ఆర్మూరు వైపునుంచి వచ్చేవాడికి ముందు అంకాపూర్ తగులుతుంది, చెరువు ఆ తర్వాత. అంకాపూర్ రైతులు విత్తనాల సాగులో పేరుపడ్డవాళ్లు. ఊరికి రెండో పేరు తెచ్చింది నాటుకోడి కూర. ఆర్డరు చెబితే వండి డబ్బాలో పెట్టి ఇస్తారు. అక్కడి కూర హైదరాబాదు దాకా బస్సెక్కి వెళుతుంది. మరి కూర ముందు, చెరువు తర్వాత రావలసింది పద్యంలో తలకిందులైందేం? సమాధానం: కవి "కొని" అనలేదు, "మెక్కి" అన్నాడు. కొనేది ముందు, మెక్కేది తర్వాత. అందుకే అంకాపూర్‌లో ఆగి కూర కట్టించుకుని డిక్కీలో పెట్టాం. అక్కణ్నుంచి చెరువు దాకా కారులో ఎవరి మనసూ నిలకడగా లేదు.

"తినియు" అన్నా గణం సరిపోయేది. "మెక్కి" ఎందుకు వాడాడు? దీని వెనక స్థలపురాణం ఉంది. బోధనే భారతంలోని ఏకచక్రపురమని ఇక్కడివాళ్ల నమ్మకం. లక్క ఇల్లు తప్పించుకున్న పాండవులు ఒక బ్రాహ్మణుడి ఇంట్లో తలదాచుకున్నది ఆ ఊళ్లోనే. బకాసురుడికి పంపిన బండెడు అన్నం దారిలోనే భీముడు కానిచ్చేశాడు. మజిలీ చేసినవాడు మెక్కడం ఈ ఊరి ఆచారమన్నమాట. ఇంకో సంగతి చూడండి. అయిదుగురు, తల్లితో ఆరుగురు, ముక్కూముఖం తెలియని గృహస్థు ఇంట్లో దిగారు. ఆయన లాడ్జి చూసుకోండి అనలేదు.

ఈ కథ తెలిసి కూడా ఆ సాయంత్రం నాకు వెలగలేదు.

"గుడిసైన మేడైన"

పద్యంలో అన్నిటికంటే బరువైన మాటలివి. మిగతా చోట్ల ఆట పట్టించాను గానీ ఇక్కడ కాసేపు నిలబడాలి.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువలు వచ్చాయి, కాలువల వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు చెప్పుకునేవాళ్లు. దాని చుట్టూ ఊరే పుట్టింది, పేరు శక్కర్‌నగర్. అదే కాలువల మీద ఆశతో కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని, పొలం గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. వాటికి క్యాంపులని పేరు. బోధన్, వర్ని, బాన్సువాడ చుట్టుపక్కల ఇప్పటికీ ఊరి పేరు చివర క్యాంపు అని ఉంటుంది. క్యాంపు అంటే నాలుగు రోజుల విడిది. ఆ గుడిసెలు మిద్దెలై, ఆ మిద్దెల్లో మనవలు పెళ్లీడుకు వచ్చినా పేరు మారలేదు. గుడిసైన మేడైన అని కవి ఊరికే అనలేదు. ఈ నేల మీద ఆ రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క తరమే.

రాత్రి మజిలీ అంటే బోధన్‌కు ఇంకో అర్థం ఉండేదని మామ చెబుతాడు. గానుగాడే నెలల్లో చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు ముందు వరస కట్టేవి. వంతు వచ్చేదాకా రైతు బండి కిందే పడుకునేవాడు, తల కింద తువ్వాల. పక్కన ఎద్దులు చెరుకు ఆకు నములుతుంటే, గాలిలో మడ్డి వాసన. "బోధన్ వచ్చిందని కండ్లు మూసుకున్నా తెలుస్తుండె. ముక్కు చెప్తుండె" అంటాడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరవడానికి దారి చూడమని 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. ఇప్పుడు బోధన్ వచ్చిందని ఫోనులో మ్యాపు చెప్పాలి.

మేడ కిందికి ఇందూరు ఖిల్లాను కూడా లెక్కవేసుకోవచ్చు. గుట్ట మీద కోట, లోపల రఘునాథాలయం. నిజాం కాలంలో అందులోనే జైలు. దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి అందులో బందీలు. బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడు దాశరథి. చెరిపేసినకొద్దీ రాశాడు. ఈ పట్నంలో రాత్రులు గడిపినవాళ్లలో అంత పేరు తెచ్చినవాడు ఇంకొకడు లేడు, ఆయన మజిలీ ఆయన ఎంచుకున్నది కాకపోయినా. లాడ్జి గోడ మీద "గోడలపై రాయరాదు" అన్న బోర్డు కనిపించినప్పుడు నాకు ఆయన గుర్తొచ్చాడు.

"నిద్ర పట్టు చోటె నిజము మజిలి"

అలంకారం స్వభావోక్తి. ఛందస్సు ఆటవెలది. వ్యాకరణంలో ఒక చిక్కు: మజిలీకి చివర దీర్ఘం ఉండాలి, కవి తీసేశాడు. గణం కోసం తీశాడని స్థూలదృష్టి. సూక్ష్మం తర్వాత తెలిసింది.

ఆరున్నర దాటాక, గట్టు మీద ఉండగానే, ఫోను మోగింది.

"ఏడికొచ్చిన్రు అల్లుడా?"

"జానకంపేట కాడ ఉన్నం మామా, అశోక్‌సాగర్ల."

"చెరువు సూశిన్రా? మంచిగైంది. ఇగ రారి. మీ అత్తమ్మ జొన్నరొట్టెలు చేస్తున్నది. కూర పట్టుకొస్తున్రు గద?"

"కూర... నీకెట్ల తెలుసు మామా?"

"ఇదేందయ్యా, పద్యంల రాస్తి గద! కూర మీరు తెస్తరని ఆమె ఒట్టి రొట్టెలే చేస్తున్నది."

యతి పట్టుకున్నాను, శ్లేష పట్టుకున్నాను, క్రమభంగానికి సమాధానం చెప్పాను. ధ్వని ఒక్కటి జారవిడిచాను. మంచి చోటేదని అడిగితే మేనమామ తన ఇల్లు కాక ఇంకేం చెబుతాడు? "బోధను చేరుమీ" అంటే మా ఇంటికి రా. "గుడిసైన మేడైన" అంటే ఇల్లు చిన్నదని మొహమాటపడకు. ఇంతకంటే విడమరచి చెప్పడం ఆయన మర్యాద కాదు. లాడ్జి తీసుకున్న సంగతి చెప్పడానికి నోరు రాలేదు. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, "వస్తున్నం మామయ్యా, అరగంటల ఉంటం" అంది. పాఠాంతరం అక్కడితో రద్దయింది.

ఎడపల్లి మీదుగా బోధన్ చేరేసరికి పొద్దు గుంకి గంటైంది. మొదటి పాదం తప్పాం. మిగతా మూడూ దక్కాయి. వాకిట్లో బకెట్టు నీళ్లు, చెంబు పెట్టి ఉన్నాయి. ముఖపరిచయం లేని షడ్డకుణ్ని మామ చేయి పట్టుకుని ముందు పీట మీద కూర్చోబెట్టాడు. రొట్టెలు పొయ్యి మీంచి వచ్చినవి వచ్చినట్టే అయిపోయాయి. మెక్కి అన్న మాటకు అప్పుడు ప్రత్యక్ష ప్రమాణం దొరికింది. చాపలు పరిచి, అయిదుగురం ఒకే గదిలో వరసగా పడుకున్నాం. దీపం తీసేముందు అడిగాను.

"మామా, మజిలీకి దీర్ఘం ఎందుకు తీసేసినవ్?"

"మజిలీ అన్నంక సామాన్లు దించాలె గద అల్లుడా. దీర్ఘం గూడ దించిన. అవునూ, మీ సామాన్లేవి?"

నిద్రపోయినట్టు నటించాను. నటన అయిదు నిమిషాలు కూడా సాగలేదు, నిజంగానే పట్టేసింది.

మర్నాడు పదింటికి నిజామాబాద్ వెళ్లి గదులు ఖాళీ చేశాం. రెండింటి అద్దె 2,600 రూపాయలు. ఆ రాత్రి వాటిలో పడుకున్నవి నాలుగు సూట్‌కేసులు, అయిదు లీటర్ల గంగాజలం డబ్బా.